కట్టుడు పళ్ళు: గుస్ల్, నమాజు, శుభ్రత



శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో నమాజు ముగిశాక కొందరు పెద్దలు మమ్మల్ని పక్కకు పిలిచి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఒక మసలా అడుగుతుంటారు: "మౌల్వీ సాబ్, అల్లాహ్ ఊడదీసిన పళ్ళను మనం మళ్ళీ పెట్టించుకుంటే గునాహ్ కాదా?" ఈ సందేహంతోనే ఏళ్ళ తరబడి గంజితో, మెత్తటి అన్నంతో గడిపేవారున్నారు. పెళ్ళి దావత్‌కు వచ్చినా దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చోరు.

ఈ సందేహానికి మూలం ఒక హదీసు. అందం కోసం పళ్ళను అరగదీయించుకుని సందులు చేయించుకునే స్త్రీలను ప్రవక్త మహనీయులు (స) శపించారని హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్‌ఊద్ (రజి) ఉల్లేఖించారు. అది బాగున్న పళ్ళను సోకు కోసం మార్చుకునేవారి సంగతి. పోయినదాని స్థానంలో అవసరానికి పెట్టుకునేది వేరు. హజ్రత్ అర్‌ఫజా (రజి)కి అజ్ఞాన కాలంలో కులాబ్ యుద్ధంలో ముక్కు తెగిపోయింది. వెండి ముక్కు పెట్టించుకుంటే దుర్వాసన వచ్చింది. అప్పుడు దైవప్రవక్త (స) బంగారు ముక్కు పెట్టించుకోమన్నారు. పురుషులకు బంగారం నిషిద్ధమైనా అవసరం వల్ల అనుమతి దొరికింది. పళ్ళ మసలాలోనూ ఫుఖహాలు ఈ హదీసునే ఆధారం చేసుకున్నారు. కదిలే పళ్ళను వెండి తీగతోనే కట్టాలని ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) అన్నారు, బంగారమైనా ఫర్వాలేదని ఇమామ్ ముహమ్మద్ (రహ్మ) అన్నారు. నేటి పళ్ళ సెట్టు ఎక్రిలిక్‌తో తయారవుతుంది కాబట్టి ఆ చర్చే రాదు. ముసలితనానికి మందు లేదని కూడా హదీసులో ఉంది, నిజమే. కళ్ళద్దాలు, చేతికర్ర ముసలితనాన్ని మాన్పవు, అయినా వాడుతున్నాం కదా!

ఇక అసలు జాగ్రత్త పడవలసింది గుస్ల్ విషయంలో. హనఫీ మస్లక్ ప్రకారం వుజూలో నోరు పుక్కిలించడం సున్నత్, ఫర్జ్ గుస్ల్‌లో ఫర్జ్. తీసి పెట్టుకునే సెట్టు అంగిలికీ చిగుళ్ళకూ అతుక్కుని నీటిని అడ్డుకుంటుంది. కనుక ఫర్జ్ గుస్ల్‌లో దాన్ని తీసి పుక్కిలించాలి. తీయకుండా చేస్తే గుస్ల్ పూర్తి కాదు, ఆ గుస్ల్‌తో చేసిన నమాజూ కాదు. కదలకుండా బిగించిన పళ్ళు శరీరంలో భాగం కింద లెక్క, వాటిని పీకనవసరం లేదు. వుజూలో తీయకపోయినా వుజూ అవుతుంది, తీసి కడిగితే మేలు. రోజాలో సెట్టు నోట్లో ఉన్నంత మాత్రాన రోజా పోదు. సహరీ తర్వాత మాత్రం కడిగి పెట్టుకోండి, మెతుకులు దానికిందే దాక్కుంటాయి.

ఖుర్ఆన్ పఠనానికీ దీనితో సంబంధం ఉంది. 'సే', 'జాల్', 'జో' అక్షరాలు నాలుక కొన పై ముందు పళ్ళ అంచును తాకితేనే సరిగా పలుకుతాయి. 'ఫే' కింది పెదవి పై పళ్ళను తాకితే వస్తుంది. పళ్ళు లేనివారి తిలావత్ ఉజ్ర్ వల్ల చెల్లుతుంది, దిగులు వద్దు. అయితే కొత్త సెట్టుతో మొదట్లో మాట తడబడుతుంది. రోజూ కాసేపు బిగ్గరగా ఖుర్ఆన్ చదివితే నాలుక అలవాటు పడుతుంది.

మన ప్రాంతానికి సంబంధించిన మాట ఇంకొకటుంది. అడ్డపొగ, అంటే నిప్పు నోట్లో ఉంచి చుట్ట కాల్చడం. విజయనగరం జిల్లా ఏర్పడక (1979) మునుపే, 1971లో వెలువడిన ఒక వైద్య అధ్యయనం కోసం శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో 10,169 మందిని పరీక్షిస్తే దాదాపు 44 శాతం మందికి ఈ అలవాటు ఉన్నట్టు తేలింది. ఆ వేడి అంగిలిని కాలుస్తుంది, అక్కడే క్యాన్సర్ పుడుతుంది. పై సెట్టు అంగిలిని కప్పేస్తుంది కాబట్టి తెల్లమచ్చ వచ్చినా కనబడదు, పుండైతే "సెట్టు ఒరుసుకుంది" అనుకుంటారు. రెండు వారాల్లో మానని పుండును వైద్యునికి చూపించి తీరాలి. నానీ, దాదీలకు ఈ అలవాటుంటే సెట్టు చేయించేముందే అంగిలి చూపించి, చుట్ట మాన్పించండి.

పళ్ళు తీయించాక చిగుళ్ళు మానాలి, అవి కొన్ని నెలలపాటు కుంచించుకుపోతూనే ఉంటాయి. అందుకే తొందరపడి చేయించిన సెట్టు వదులవుతుంది. వదులైతే వైద్యుడు లోపలి వైపు సరిచేస్తాడు. ఇంట్లో బ్లేడుతో గీకవద్దు. ఖర్చు గురించి కొడుకులు గొణగడం మా చెవిన పడుతూనే ఉంది. వారిని పెంచేటప్పుడు అమ్మీ, అబ్బా ఇలా లెక్క చూశారా? శ్రీకాకుళంలో దంత వైద్య కళాశాల ఉంది, ముందు అక్కడ అడిగి చూడండి.

రాత్రి సెట్టు తీసి చల్లని నీళ్ళలో ఉంచాలి, చిగుళ్ళకు విశ్రాంతి దొరుకుతుంది. మరిగే నీళ్ళు పోస్తే వంకర పోతుంది. ఇటుక పొడి, బొగ్గు, గరుకు పళ్ళపొడి గీతలు పెడతాయి. మెత్తని బ్రష్, కాస్త సబ్బు చాలు. నీళ్ళు నింపిన తొట్టి మీద పట్టుకుని కడిగితే జారినా పగలదు. మిస్వాక్ సున్నత్ బోసినోటికీ ఉంది: సెట్టు తీసి చిగుళ్ళనూ నాలుకనూ వేలితోనైనా రుద్దుకోవాలి.

మయ్యిత్ విషయం కూడా ఇంటివారు తెలుసుకోవాలి. తేలికగా వచ్చే సెట్టయితే గుస్ల్‌కు ముందే తీసేయాలి. రాకపోతే దవడ విప్పి లాగరాదు, అలాగే ఉంచి ఖననం చేయాలి.