వంతెనను ఊపిన దెవరు?

పదిమంది కలసి చేసిన పనివలన కీడు కలిగినపుడు ఆ కీడు ఎవరి లెక్కలో చేరును? లోక మీ ప్రశ్నకు సాధారణముగా రెండు సమాధానములు చెప్పుచుండును. ముందు నడచినవానిదే దోషమని ఒకటి. అందరిదీ కనుక ఎవరిదీ కాదని మరొకటి. రెండవది వినుటకు మిక్కిలి హాయిగా నుండును. అందుచేతనే దానిని అనుమానింపవలసి యున్నది. ఈ ప్రశ్నను భౌతికశాస్త్రమున డోలనములను, తరంగములను గూర్చి చెప్పు భాగమునకు గొనిపోయి చూచినచో క్రొత్త వెలుగు కొంత లభించును.

ఊయెల నెరుగనివా రుండరు. అందు కూర్చున్న పెద్దవానిని సైతము అయిదేండ్ల పిల్ల ఊపగలదు. ఒక్క తోపుతో కాదు. ఊయెల వెనుకకు వచ్చి మరల ముందుకు పోబోవు క్షణము కనిపెట్టి, ప్రతి పర్యాయమును కొంచెము కొంచెముగా తోయుటచేత. ఊగు ప్రతి వస్తువునకును సెకనుకు ఇన్ని మారులని తనదైన లెక్క యొకటి కలదు. దానిని సహజ పౌనఃపున్య మందురు. బయటి తోపు ఆ లెక్కతో కలసినపుడు అల్పబలములు వృథాపోక, ఒకదానిపై నొకటి చేరి పెద్ద ఊపుగా మారును. ఇదియే అనునాదము. ఇది స్వతః చెడ్డది కాదు. వేణువునకు గొంతు నిచ్చునదియు నిదియే.

1831 ఏప్రిల్ 12న ఇంగ్లండులో మాంచెస్టరు చెంతనున్న బ్రాటన్ వ్రేలాడు వంతెనపై 74 మంది సైనికులు నలుగురేసి వరుసలుగా నడచుచుండిరి. అడుగులు కలియుటచే వంతెన ఊగసాగెను. ఆ ఊపు వారికి వేడుక గొలిపెను. కొందరు ఈలపాట నందుకొని, ఊపునకు తగినట్లు మరింత ఉత్సాహముగా అడుగులు వేసిరని నాటి పత్రిక వ్రాసినది. వంతెన యొక కొన కూలి సుమారు 40 మంది నదిలో పడిరి, ఇరువదిమందికి గాయములు తగిలెను, ఎవరును మరణింపలేదు. గొలుసును పట్టియుంచిన బోల్టులోనే లోపమున్నదని తరువాత తేలెను. అటుపిమ్మట వంతెనలపై అడుగులు కలుపరాదని బ్రిటిషు సైన్యమున ఆజ్ఞ వెలువడెను. ఇచట దోషమును పంచుట కష్టము కాదు: కవాతు కలదు, వేడుక కలదు, చెడిన బోల్టు కలదు.

1850 ఏప్రిల్ 16న ఫ్రాన్సులోని ఆంజే నగరమున లెక్క ఇంత సులభము కాలేదు. సైనికులు అడుగులు కలుపక నడువవలెనని ముందే ఆజ్ఞ యిచ్చిరి. కాని గాలివాన వంతెన నూపుచుండగా, పడిపోకుండుటకై అందరును ఒకే తీరున అటునిటు ఒరగక తప్పలేదు. ఆధారపు ఇనుపమోకులు తుప్పుపట్టి యుండెను. అవి తెగగా 200 మందికి పైగా ప్రాణములు కోల్పోయిరి.

ఇక లండనులో థేమ్సు నదిపై పాదచారులకై నిర్మించిన మిలీనియం వంతెన. దానిని 2000 జూన్ 10న తెరచిరి. నడచినవారు సైనికులు కారు, ఆజ్ఞ యిచ్చినవారు లేరు, గాలివాన లేదు. అయినను వంతెన పక్కలకు ఊగెను. రెండు దినములకే దానిని మూసివేయవలసి వచ్చెను. పిదప జరిపిన పరీక్షలో ఉత్తరపు భాగముపై మనుష్యులను క్రమముగా పెంచుచు నడిపించి చూచిరి. సుమారు 160 మంది వరకు చెప్పదగిన కదలిక లేదు. ఆపై మరికొందరు చేరుసరికి ఊపు హఠాత్తుగా పెరిగెను.

అట్లయిన కడపట చేరిన నలుగురా అపరాధులు? కారు. అంతకుముందున్న నూటఅరువదిమందియు నిర్దోషులా? ఇచట శాస్త్రము చెప్పు మాట శ్రద్ధగా వినదగినది. ప్రతి వంతెనకును ఊపును తనలో అణచుకొను శక్తి కొంత యుండును. నడచు ప్రతివాడును ఆ ఊపునకు కొంత శక్తిని జేర్చును. అణచుకొనునది ఎక్కువగా నున్నంతకాలము ఏమియు జరుగనట్లే తోచును. వాస్తవమున ఏమియు జరుగకుండుట కాదు. మొదటివాని అడుగునుండియే వంతెన ఓర్మి తరుగుచున్నది. కనబడని వ్యయమది.

జనుల అడుగులు తమంతట కలసిపోవుటయే ఆ ఊపునకు కారణమని 2005లో కొందరు శాస్త్రజ్ఞులు వివరించిరి. 2021లో వెలువడిన మరియొక పరిశోధన అడుగులు కలియుట అవసరమే కాదని చూపినది. కాలి క్రింది నేల కదలినపుడు ఎవరికి వారు పడకుండుటకు సర్దుకొను ప్రయత్నమే సగటున వంతెన నింకను ఊపునట. అనగా పొరుగువాని ననుకరింపనివాడును, తన్ను తాను కాపాడుకొనుట యొక్కటే యెరిగినవాడును ఊపునకు తోడ్పడును. ఈ మాట వంతెనలకే పరిమితమనుకొనుట కష్టము.

2016 నవంబరులో ఉప్పు కొరత రాబోవుచున్నదని ఉత్తర భారతమున వదంతి పుట్టెను. కొరత లేదని ప్రభుత్వము చెప్పుచునే యుండెను. అయినను జనులు అంగళ్లకు పరుగులెత్తిరి, ధర లెగసెను. ఒక యిల్లాలు రెండు పొట్లములు అదనముగా కొనుట దురాశ కాదు, పిల్లలు కలవారి జాగ్రత్త. పొరుగింటివారిదియు నట్టి జాగ్రత్తయే. అన్ని జాగ్రత్తలును చేరినపుడు, ఎన్నడును లేని కొరత అంగడిలో నిజముగా కానవచ్చెను. దినమున కొక పొట్లము కొనువానికి ఉప్పు దొరకలేదు.

కనుక దోషమును, బాధ్యతను ఒకే త్రాసున తూచరాదు. ఊపు తెలియకమునుపు వేసిన అడుగునకు దోష మంటగట్టుట అన్యాయము. ఊపు తెలిసిన పిదప వేసిన అడుగు సంగతి వేరు. బ్రాటనులో ఈల వేసినవారికి ఊపు తెలియును. లండనులో అనేకులకు తెలిసినంతనే నడక మాని కమ్ములు పట్టుకొని నిలిచిరి. నిలిచినకొలది ఊపు తగ్గెను. “నే నొక్కడను నిలిచిన నేమగును?” అనువాడు ఆ నూటఅరువదిని మరల తలంపవలెను. హద్దు ఎవని అడుగు దగ్గర నున్నదో నడచువారిలో ఎవరికిని తెలియదు. తన అడుగు ఆ హద్దునకు ఇవతలనే యున్నదని చెప్పుకొనుటకు ఎవనికిని ఆధారము లేదు.

అయితే మానవుల వివేకముపైననే భారమంత యుంచుటయు న్యాయము కాదు. ఆ వంతెనను కట్టినవారు నడచువారిని తప్పుపట్టలేదు. ఊపును మ్రింగు ద్రవపు పరికరములు 37, మరికొన్ని ఇతర పరికరములు అమర్చి 2002 ఫిబ్రవరిలో దానిని మరల తెరచిరి. జనులు మునుపటివలెనే, ఎవరి నడక వారు నడచుచు, దానిని దాటుచున్నారు.