పరమహంసకూ వైద్యం చేయించారు

దక్షిణేశ్వర కాళికాలయంలో పూజారిగా ఉన్న గదాధరుడికి ఇరవయ్యేళ్లు దాటేసరికి నిద్ర కరవైంది. పూజకు కూర్చుంటే ఒళ్లు తెలిసేది కాదు. పొద్దుగూకితే మరో రోజు వృథాగా పోయింది, అమ్మ కనిపించలేదంటూ నేలమీద పడి ఏడ్చేవాడు. చుట్టుపక్కలవాళ్లు పిచ్చి పట్టిందన్నారు. ఆలయ వ్యవహారాలు చూసే మథురబాబుకు ఆయన మీద ఎంతో గురి. అయినా వైద్యం వద్దనుకోలేదు. కలకత్తాలో పేరుమోసిన ఆయుర్వేద వైద్యుడు గంగాప్రసాద్ సేన్ మందులిచ్చారు. సొంతూరు కామార్పుకూరులో తల్లి చంద్రమణి భూతవైద్యుణ్ణి కూడా పిలిపించింది. చివరికి 1861లో తాంత్రిక సాధకురాలు భైరవీ బ్రాహ్మణి వచ్చి, ఇది భక్తి పరాకాష్ఠ అయిన మహాభావమని పండితుల ఎదుట శాస్త్రప్రమాణాలతో నిలబెట్టింది. ఆ గదాధరుడే శ్రీరామకృష్ణ పరమహంస.

ఈ కథలో లోకం పిచ్చి అన్నది దివ్యోన్మాదమని తేలిన ఘట్టాన్నే మనం ఇష్టంగా చెప్పుకుంటాం. అవధూత గొలగమూడి వెంకయ్యస్వామినీ తొలినాళ్లలో పిచ్చి వెంకయ్య అనే అన్నారు కదా అంటాం. నన్ను ఆపేసేవి వేరే రెండు సంగతులు. తనకు మతి చలించిందేమోనన్న అనుమానాన్ని భైరవి ముందు పెట్టింది స్వయంగా రామకృష్ణులే. ఇక గంగాప్రసాద్ మందులు వాడినందువల్ల ఆయన భక్తిలో ఇసుమంతైనా తగ్గలేదు. వైద్యానికి చెదిరిపోయే అనుభూతి ఏదైనా ఉంటే, అది పోయిందని దిగులు పడనక్కర్లేదు.

మన ఇళ్లలో జరుగుతున్నది తలచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. ఎవరివో గొంతులు వినిపిస్తున్నాయనే కొడుకును, వారాల తరబడి కంటిమీద కునుకు లేని కూతురిని గుడికి, దర్గాకు, స్వస్థత కూటానికి తిప్పుతారు. తాయెత్తులు కడతారు. డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి ఏళ్లు గడిచిపోతాయి. ధ్యానం మొదలుపెట్టగానే మాత్రలు ఆపేసేవాళ్లున్నారు. అన్నిటికన్నా క్రూరమైనది ఒక మాట: ‘రోజూ పూజ చేస్తావు, నీకు డిప్రెషన్ ఏమిటి?’ అప్పటికే కుంగిపోయిన మనిషి మీద పాపభారం కూడా మోపే మాట అది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గాను నమ్ముకుని వచ్చిన మానసిక రోగులు, గొలుసులతో కట్టేసి ఉండగా, షెడ్డులో మంటల్లో చిక్కుకున్నారు. 28 మంది చనిపోయారు. వాళ్లలో చాలామందిని అక్కడ వదిలింది నయమవుతుందని నమ్మిన సొంతవాళ్లే.

వైద్యం మాని దైవాన్నే నమ్ముకోమని శాస్త్రాలు చెప్పలేదు. యోగసూత్రాల్లో పతంజలి సాధనకు తొమ్మిది అంతరాయాలు లెక్కపెట్టి, అన్నిటికన్నా ముందు వ్యాధిని పెట్టాడు. భ్రాంతిదర్శనమూ ఆ తొమ్మిదిలో ఒకటి. వాటి వెంట దుఃఖం, దౌర్మనస్యం, ఒళ్లు వణకడం, శ్వాస గతి తప్పడం ఉంటాయన్నాడు. భక్తి చాలకపోవడం అనే కారణం అక్కడ లేదు. ఆయుర్వేద ఆచార్యుడు చరకుడు ఉన్మాదాన్ని ఐదు రకాలుగా విడదీసి, దేవతలో పిశాచాలో తమంతట వచ్చి మనిషిని పీడించవు, వాటిని నిందించవద్దు అన్నాడు. చికిత్స మూడు విధాలన్నాడు: మంత్రం, జపం, హోమం వంటివి ఒకటి, ఔషధం, ఆహారం రెండోది, మనసును హితం కాని విషయాల నుంచి మళ్లించడం మూడోది. మంత్రానికీ మందుకూ ఆయన దగ్గర తగవు లేదు.

మనిషిలో కనిపిస్తున్న మార్పు సాధనలో మెట్టా, జబ్బా అని తేల్చడం ఇంట్లోవాళ్ల తరం కాదు. ఒకే మనిషిలో రెండూ ఉండవచ్చు. నిద్ర, తిండి, పని, పలకరింపు తలకిందులైతే, చనిపోవాలన్న మాట నోట వస్తే, డాక్టరుకు చూపించాలి. జపం ఆపనక్కర్లేదు. అయితే రోజుల తరబడి మౌనంతో, తీవ్రమైన ధ్యానంతో సాగే శిబిరాలు అందరికీ సరిపడవు. పదిరోజుల విపశ్యన శిబిరానికి దరఖాస్తు చేసేటప్పుడే మానసిక అనారోగ్యం గురించి అడుగుతారు. అక్కడ నిజం దాచకూడదు, డాక్టరును అడగకుండా మందులు మానకూడదు.

1885లో రామకృష్ణులకు గొంతు పుండు పడితే శిష్యులు డాక్టర్ మహేంద్రలాల్ సర్కార్‌ను రప్పించారు. గొంతుకు తప్పుకాని వైద్యం మనసుకు మాత్రం ఎందుకు తప్పవుతుంది? ఎవరిని అడగాలో తోచకపోతే, కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416 ఉంది. రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు.