ఆ అరగంట ఎవరిది?

కర్ణపర్వంలో ఒక ఘట్టాన్ని పురాణం చెప్పేవాళ్లు తొందరగా దాటేస్తారు. యుద్ధం పదిహేడో రోజు. కర్ణుడి బాణాలకు గాయపడి శిబిరం చేరిన ధర్మరాజు, వాణ్ని చంపకుండానే వచ్చిన అర్జునుణ్ణి చూసి, నీకు గాండీవమెందుకు, కృష్ణుడికిచ్చెయ్యి అంటాడు. గాండీవాన్ని మరొకరికిమ్మన్నవాణ్ని చంపుతానని అర్జునుడి వ్రతం. అన్న మీదికే కత్తి దూస్తాడు. కృష్ణుడు అడ్డుపడతాడు. పెద్దవాణ్ని నువ్వు అని తిట్టడం చంపడంతో సమానం, అంతటితో వ్రతం తీరుతుందంటాడు. తిట్టిన మరుక్షణమే అర్జునుడు, ఎంత మాటన్నానని కుమిలి, తన ప్రాణం తీసుకోబోతాడు. కృష్ణుడు మళ్లీ ఆపుతాడు. తనను తాను పొగుడుకోవడం ఆత్మహత్యే, ఆ పని చెయ్యమంటాడు.

అప్పటికి అర్జునుడు గీత విని పక్షం రోజులే. విన్నదేదీ ఆ క్షణంలో అక్కరకు రాలేదు. కృష్ణుడు కథలు చెప్పాడు, ధర్మసూక్ష్మం చెప్పాడు, ఆ మాటల మధ్య కత్తి దూసిన క్షణం దాటిపోయింది. ఆయన చేసిన వైద్యం అదేనని నర్సుగా నా నమ్మకం.

నేను పుట్టింది జనగామ వైపు, పాలకుర్తి పక్కన. మెట్టింది మానుకోట. స్టాఫ్ నర్సుగా ఉద్యోగమంతా సర్కారు దవాఖానల్లోనే, భూపాలపల్లిలో కొంతకాలం, ఎక్కువగా క్యాజువాలిటీ. 1997-98లో పత్తికి పురుగు తగిలి ఓరుగల్లు పల్లెలు కూలిపోయిన ఏడాది, పురుగుల మందు తాగినవాళ్లను ఎడ్లబండ్ల మీద, జీపుల్లో తెచ్చేవాళ్లు. కడుపు కడిగి, సెలైన్ పెట్టి, మనిషి కాస్త కళ్లు తెరిస్తే నా చెయ్యి పట్టుకునేవాడు. "సిస్టరమ్మా, ఎట్లనన్న బతికియ్యుండ్రి, పిల్లలు చిన్నోళ్లు." ఒకరు కాదు, చాలామంది ఇదే మాట అన్నారు. సాయంత్రం చావాలనుకున్నవాడు, రాత్రి బతకాలని ఏడ్చినవాడు ఒకే మనిషి. మరి అతని అసలు ఇష్టం ఏది?

చావాలనిపించిన క్షణంలో ఆయుధం చేతికందకూడదని, డాలస్‌లో ఉన్న మా అక్క కొడుకుతో తరచూ వాదిస్తాను. వాళ్ల దేశంలో ఆయుధం ఉంచుకోవడం 1791 నుంచి రాజ్యాంగం ఇచ్చిన హక్కు. "రోగం మనసుది పిన్నీ, తుపాకీది కాదు. మంచి వైద్యం ఇవ్వాలి గానీ హక్కు తీసేస్తే ఎట్లా?" అంటాడు. వైద్యం కావాలన్నది నూటికి నూరుపాళ్లు నిజం. కానీ అక్కడ తుపాకీ చావుల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. ఇంకో మాట కూడా చెప్పాలి. ఎక్కడ కాల్పులు జరిగినా పిచ్చివాడి పని అని తేల్చేస్తే, ఎవరికీ హాని తలపెట్టని లక్షల మంది రోగులు తమ జబ్బు పేరు చెప్పుకోవడానికే భయపడతారు. మానసిక రోగుల్లో అత్యధికులు ఎవరినీ కొట్టరు, చంపరు. ఆ నింద నాకు చాలా బాధ.

మన దగ్గర ఇంట్లో ఉండే ఆయుధం తుపాకీ కాదు, పురుగుల మందు డబ్బా. తుపాకీ లైసెన్సు అడిగితే 1959 ఆయుధాల చట్టం మనిషి మానసిక స్థితి చూడమంటుంది. డబ్బాను ఉద్దెరకు ఇచ్చేటప్పుడు ఎవరూ ఏమీ అడగరు. అడగాలని నేను అనడం లేదు. రైతుకది పనిముట్టు. కానీ అది మంచం కింద ఎందుకుండాలి?

"ఇది లేకుంటే ఇంకో దారి వెతుక్కుంటరు" అంటారు ఊళ్లో. శ్రీలంక అనుభవం అలా చెప్పడం లేదు. 1995లో మోనోక్రోటోఫాస్, మెథమిడోఫాస్, 1998లో ఎండోసల్ఫాన్, ఆ తర్వాత మరికొన్ని అక్కడ నిషేధించారు. రెండు దశాబ్దాల్లో ఆత్మహత్యల రేటు దాదాపు 70 శాతం తగ్గింది. పంట దిగుబడి పడిపోలేదు. ప్రాణాపాయం నుంచి బయటపడ్డవాళ్లలో అత్యధికులు తర్వాత ఆత్మహత్యతో చనిపోరని ఎన్నో దేశాల అధ్యయనాలు చెప్పాయి. అంటే చావాలనిపించిన ఆ అరగంట మనిషి మొత్తం కాదు. చేతికందే విషాన్ని దూరం పెడితే అతని స్వేచ్ఛకు భంగం అనేవాళ్లు ఆ అరగంటకే ఓటు హక్కు ఇస్తున్నారు. మిగతా నలభై ఏళ్ల మనిషిని ఎవరూ అడగడం లేదు.

మతం ఇక్కడ చాలామందిని ఒంటరిగా వదిలేసింది. చనిపోయినవాడికి పాపమని పేరు, ఇంట్లోవాళ్లకు తలరాత అని ఓదార్పు. ఈశావాస్యంలో ఆత్మను చంపుకునేవాళ్ల ప్రస్తావన వస్తుంది. వాళ్లంటే అజ్ఞానులని శంకరులు వ్యాఖ్యానించారు, నిస్పృహతో ప్రాణం తీసుకున్నవాళ్లని కాదు. మా భూపాలపల్లి జిల్లా కాళేశ్వరంలో ఒకే పానవట్టం మీద యముడూ శివుడూ రెండు లింగాలుగా ఉన్నారు. అక్కడికి వెళ్లినప్పుడల్లా, చావు దగ్గరిదాకా వెళ్లినవాణ్ని ఆ గుడి వెళ్లగొట్టదనుకుంటాను. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ కూడా, ఆత్మహత్యకు ప్రయత్నించినవాడు తీవ్ర ఒత్తిడిలో ఉన్నాడనే ముందు భావించాలని, శిక్షించక చికిత్స ఇవ్వాలని చెప్పింది. నాకది ధర్మశాస్త్రమే.

అయితే చికిత్స ఎక్కడుంది? మహదేవపూర్ అవతలి పల్లె నుంచి మనోవైద్యుడి కోసం వరంగల్లుకో ఎర్రగడ్డకో పోవాలంటే ఒక కూలి పోతుంది, తోడు వచ్చినవాడి కూలీ పోతుంది. మందులు నెలల తరబడి వాడాలి. వీటన్నిటికీ ముందు సాయం అడగగలగాలి. మా పాలకుర్తి పక్కన బమ్మెరలో పుట్టిన పోతన రాసిన గజేంద్రుడు కనీసం గొంతెత్తి పిలిచాడు. డిప్రెషన్ ఆ గొంతునే నొక్కేస్తుంది. అందుకే పక్కవాళ్లే పిలవాలి. 2022లో మొదలైన సర్కారు మానసిక సహాయ ఫోన్ సేవ టెలిమానస్ నంబర్ 14416, డబ్బు కట్టక్కరలేదు. మా ఇంట్లో ఫోన్ పక్కన గోడ మీద రాశాను.

తమిళనాడులో మనోవైద్యురాలు డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ బృందం కొన్ని ఊళ్లలో ఉమ్మడి గది కట్టించి, రైతుకో తాళం పెట్టె ఇచ్చి, పురుగు మందులు అందులో దాచే పద్ధతి నడిపింది. అలాంటి గది మా ఊళ్లో కావాలని గ్రామసభలో అడిగాను. స్థలం దొరికేలా ఉంది. తాళం చెవి దగ్గరే పేచీ వచ్చింది. "మా మందు, మా చెవి మా దగ్గరే ఉండాలె" అంటున్నారు మగవాళ్లు. చెవులు రెండు చేసి, ఒకటి మహిళా సంఘం దగ్గర ఉంచాలని, రెండూ కలిస్తేనే పెట్టె తెరుచుకోవాలని నేను పట్టుబట్టాను. వచ్చే సభలో మళ్లీ అడుగుతాను.