అదియే యిది యగునా?

రథమేది యని నాగసేనభిక్షువు మిళిందరాజును ప్రశ్నించి, ఇరుసు రథము కాదు, చక్రములు రథము కావు, నొగయు కాదు, వీనినన్నిటిని ఆశ్రయించి వ్యవహారమున నిలిచిన నామమే రథమని యొప్పించినాడు. విఱిగిన రథమును బాగుచేయించుకొనువాని కీ ప్రశ్న మఱింత కఠినమై యెదురగును.

జర్మనీదేశపు పోర్షె సంస్థవారు 1968 మొదలు కొన్నియేండ్లు తమ 911 కారు ఇంజనునకు, బరువు తగ్గించుటకై, మెగ్నీషియముతో క్రాంక్ కేసు పోతపోసిరి. ఆ లోహము తేలికయే కాని, కాగి చల్లారుచు నేండ్లు గడచినకొలది వంకరపోవును. సిలిండర్లను బిగించియుంచు స్టడ్డులు మరలతోగూడ పెల్లగిలివచ్చును. పరుగుమీద కనెక్టింగ్ రాడ్ తెగెనేని కేసునే చీల్చుకొని వెలికి వచ్చును. అట్టి ఇంజనును విప్పి చూచినంగాని ఖర్చెంతయో చెప్ప నెవ్వరితరమును గాదు. విప్పిన పిమ్మట, చెక్కుచెదరనట్లు కనబడిన భాగములును కొలతకు నిలువక, రాడ్ల బోల్టులు మొదలు బేరింగుల వఱకు మార్పవలసివచ్చి, వ్యయము వేఱొక కారు వెలను అందుకొనుటయు కలదు. అయినను యజమాని చీలిన కేసును పాఱవేయక, అతుకు వేయించి, బేరింగుల గూళ్ళను ఒక్క వరుసకు బోరు చేయించును. ఏలన, కారుతోపాటు పుట్టిన సంఖ్య ఫ్యాను చెంత ఆ కేసు మీదనే ముద్రింపబడియున్నది.

ఇది వ్యామోహమా? ఒక్క నూలుపోగు తీసినను పూర్వపటము నశించి, మిగిలిన పోగులనుండి వేఱొక పటము పుట్టుననియు, 'అదియే యిది' యను ప్రత్యభిజ్ఞ సాజాత్యమువలన కలుగుననియు నైయాయికు లందురు. వారి తర్కము బలవత్తరమే. కాని క్రాంక్ షాఫ్టును సానపట్టు పనివాని చెంత నిలిచి చూచినపుడు నా మనస్సు దానికి పూర్తిగా లోబడదు. గీతలుపడిన జర్నలును అతడు 0.25 మి.మీ. మేర అరగదీసి, మైక్రోమీటరుతో మరల మరల కొలిచి, ఆ లోటును పూడ్చు దళసరిగల అండర్‌సైజు బేరింగును తెచ్చి కూర్చును. క్రొత్త బేరింగునకు కొలత నిచ్చినది పాత గాయమే గదా! ద్రవ్యము మాఱినను, పోయినది రాబోవుదానిని శాసించుచున్నంతకాలము ఆ సంతానము, అనగా పరంపర, తెగలేదని నా నిశ్చయము. మరల పుట్టినవాడు చనిపోయినవాడే కాడు, అన్యుడును కాడని నాగసేనుడే మఱియొకచోట తేల్చినాడు.

ఇటలీలో మారనెల్లోయందు ఫెరారీవారు, బ్లాకు పూర్తిగా చెడిన ప్రాచీనపు కార్లకు తొలినాటి నక్షాలనుబట్టి క్రొత్త బ్లాకు పోసి యిత్తురు. అచ్చట కొలత నిచ్చునది కాగితము. ఆ పని నిర్దుష్టమే. దానిని ఉత్తమప్రతిరూపమని కొనియాడుదును గాని, అదియే యనుటకు నాకు నోరు రాదు.