నిన్ను నీవు ఎరుగుదువా?

ధ్యానభాగము: 139వ కీర్తన 23, 24, యాకోబు 1:22–25



ప్రాచీన గ్రీసు దేశములో డెల్ఫీ అను చోట ఒక గుడి యుండెను. “నిన్ను నీవు ఎరుగుము” అను మాట అక్కడ చెక్కబడియుండెనని ఆ దేశపు గ్రంథకర్తలు వ్రాసిరి. మాట చిన్నది గాని పని పెద్దది. దీనిని వాక్యపు వెలుగులో ఈ నెల ధ్యానింతము.

ఏథెన్సు పట్టణములో సోక్రటీసు అను జ్ఞాని యుండెను. క్రీస్తు పూర్వము 399లో, డెబ్బదియేండ్ల ప్రాయమున, అతడు మరణశిక్ష పొందెను. అతనికంటె జ్ఞాని లేడని డెల్ఫీ పూజారిణి తన స్నేహితునితో చెప్పెనని విని అతడు ఆశ్చర్యపడి, నాయకులను, కవులను, చేతిపనివారిని వరుసగా ప్రశ్నించెను. నాయకులు తెలియనిదానిని తెలిసినదని తలంచుచుండిరి. కవులు తమ కవిత్వమునకు తామే అర్థము చెప్పలేకపోయిరి. చేతిపనివారు తమ పనిని నిజముగా ఎరుగుదురు. అయితే ఒక పని చక్కగా వచ్చినందున గొప్ప సంగతులన్నియు తమకు తెలుసునని తలంచిరి. తనకు తెలియదని ఎరుగుటయే తనకున్న జ్ఞానమని సోక్రటీసు గ్రహించెను.

ఆ చేతిపనివారి సంగతి మనకు దూరమైనది కాదు. మన మూసాపేటలో మెట్రోరైలు ఎక్కినచో ఐదవ స్టేషను అమీర్‌పేట. సాఫ్ట్‌వేర్ కోర్సులకు పేరుపొందిన చోటు. అక్కడ రైలు మారినచో హైటెక్ సిటీ. అనేకులు ఒకచోట నేర్చుకొని మరియొకచోట పని వెదకుచున్నారు. ఈ విద్య మంచిదే. దానివలన ఎన్నో యిండ్లలో పొయ్యి వెలుగుచున్నది. అయినను రెండు అపాయములున్నవి. పని దొరికినవాడు, కంప్యూటరు భాష వచ్చినది గనుక జీవితమంతయు తెలిసినదనుకొనును. తల్లిమాట అతనికి పాతబడును. పని దొరకనివాడు, లేక ఉన్న పని పోయినవాడు, తన్ను కాదన్నవారి తీర్పే తన్నుగూర్చిన సత్యమని నమ్మి కృంగిపోవును. ఒకడు ఉబ్బెను, ఒకడు నలిగెను. ఇద్దరును తమ వెలను జీతపు కాగితములోనే చదువుకొనుచున్నారు. ఇద్దరును తమ్మును ఎరుగరు.

మరి ఎట్లు ఎరుగుదుము? ప్లేటో పేరున నిలిచిన ఒక సంభాషణలో సోక్రటీసు చక్కని ఉపమానము చెప్పును. కన్ను తన్నుతాను చూచుకొనలేదు. ఎదుటివాని కంటిపాపలోనికి చూచినయెడల తన రూపము అందులో కనబడును. ఆత్మయు అట్లే. యాకోబు భక్తుడును అద్దమును గూర్చి చెప్పెను: వాక్యము విని చేయనివాడు ముఖము చూచుకొని వెంటనే మరచిపోవువానివంటివాడు. చూచుట చాలదు, చూచినదాని ప్రకారము నడువవలెను.

అయితే ఎవరి కంటిలో చూచుకొందుము? లోకపు కన్ను పని పూర్తికాగానే మనలను మరచును. సోక్రటీసు మన అజ్ఞానమును చూపగలడు. దానిని చూచి తల వంచినవానిని లేవనెత్తు చెయ్యి ఎవరిది? పౌలు ఏథెన్సులో, తెలియని దేవునికని వ్రాయబడిన బలిపీఠము చూచి, అక్కడనుండియే సువార్త చెప్ప నారంభించెను. తెలియదని ఒప్పుకొనుట విశ్వాసమునకు శత్రువు కాదు, వాకిలి. కీర్తనకారుడు తన్ను తానే పరిశోధించుకొందుననలేదు; దేవుడే తన హృదయమును పరిశోధింపవలెనని వేడుకొనెను. మనలను పూర్తిగా ఎరిగినవాడే మనలను ప్రేమించుచున్నాడు. గనుక ఎరుగబడుటకు భయపడనక్కరలేదు.

ఈ నెల ప్రతి రాత్రి రెండు ప్రశ్నలు వేసికొందము. తెలియనిదానిని తెలిసినట్లు నేడు ఎక్కడ మాటలాడితిని? నన్ను ప్రేమించువారు చూపిన ఏ తప్పును త్రోసివేసితిని? మరియు ఆదివారమున గుడి వాకిట ఒక యౌవనస్థుడు కనబడినప్పుడు, “ఉద్యోగము వచ్చెనా?” అని మొదట అడుగక, “బాగున్నావా నాయనా?” అని అడుగుదము. దేవుడు తన్ను చూచు చూపు అతనికి మన కన్నులలో కొంచెమైనను కనబడును గాక. ఆమేన్.