కాలదోషం పట్టని బాకీలు

పెద్దవాళ్ళ అసంతృప్తికి లోకంలో విలువ తక్కువ. రాజకీయాలు చెడిపోయాయంటారు, సినిమాలు పాడయ్యాయంటారు, వైద్యం వ్యాపారమైపోయిందంటారు. వినేవాళ్ళు సాధారణంగా రెండు సమాధానాలు చెబుతారు. 'వయసు మీద పడింది, అలాగే అనిపిస్తుంది' అనేది ఒకటి. 'కాలం మారింది, మీరూ మారండి' అనేది రెండోది. ఈ రెండింటిలోనూ ఫిర్యాదులోని నిజానిజాల ప్రసక్తి లేదు. ఒకరు చెప్పిన మనిషి వయసు చూశారు, మరొకరు గోడమీది కేలెండరు చూశారు. పెద్దల అసంతృప్తిలో గొణుగుడు ఎంత, న్యాయం ఎంత? దీన్ని తేల్చడం ఎలా? యాభై దాటి కొంతకాలమైంది కనుక నేనూ ఆ గట్టుకు దగ్గరపడుతున్నవాణ్ణే. ఈ ప్రశ్న నాకూ అవసరమే.

ప్రశ్న కొత్తదేమీ కాదు. ప్లేటో 'రిపబ్లిక్' మొదట్లోనే ఒక ముసలాయన కనిపిస్తాడు. పేరు సెఫలస్. సిరక్యూస్ నుంచి ఏథెన్సు రాజ్యానికి వలసవచ్చి, వ్యాపారం చేసి స్థిరపడినవాడు. ఒక విధంగా మనబోటివాడే. వార్ధక్యం ఎలా ఉందని సోక్రటీసు అడుగుతాడు. తన ఈడువాళ్ళు ఒకచోట చేరినప్పుడల్లా పోయిన సుఖాలను తలుచుకుంటారని, ఇంట్లోవాళ్ళు సరిగా చూడడం లేదని వాపోతారని, కాని తప్పు ముసలితనానిది కాదు, మనిషి స్వభావానిదని సెఫలస్ అంటాడు. డబ్బువల్ల కలిగే పెద్ద మేలు దేవుడికిగాని మనిషికిగాని బాకీ పడకుండా పోగలగడమేనని కూడా అంటాడు. ఆ బాకీ మాట పట్టుకునే సోక్రటీసు న్యాయమంటే ఏమిటన్న చర్చ లేవదీస్తాడు. చర్చ ముదరబోతుండగా సెఫలస్ దాన్ని కొడుక్కి అప్పగించి పూజకు లేచి వెళ్ళిపోతాడు.

నేను చదివింది బి.కాం., చేసేది బ్యాంకు ఉద్యోగం. తత్వశాస్త్రం నా దారి కాదు. అయినా బాకీ అన్న మాట దగ్గర నాకూ కొంత చోటుంది. ఏ ఖాతా పుస్తకంలోనైనా 'రావలసినవి' అని ఒక పద్దు ఉంటుంది. సంవత్సరాఖరున దాన్ని ముందు పెట్టుకుని, ఇందులో అసలు మనకు బాకీయే కానిది ఏది, బాకీ అయినా ఇక రానిది ఏది, గట్టిగా అడిగితే వచ్చేది ఏది అని విడదీస్తారు. అన్నీ వస్తాయని రాసుకుంటే లెక్క నిండుగా కనిపిస్తుంది గాని నిజం కాదు. ఏదీ రాదని కొట్టేస్తే దుకాణం మూసుకోవాలి. పెద్దల అసంతృప్తిని కూడా ఇలాగే విడదీసి చూడాలని నా అభిప్రాయం.

ముందు సినిమా, పాట, ఆట సంగతి చూద్దాం. 'ఆ రోజుల్లో పాటలు' అని మొదలుపెట్టని పెద్దవారు అరుదు. మెజెస్టిక్ ప్రాంతంలో దగ్గర దగ్గరగా ఉన్న హాళ్ళు ఒక్కొక్కటే పోయాయి. అంత పెద్ద కపాలి కూడా పడగొట్టారు. ఇప్పటి సినిమాలో మోత తప్ప మాట వినపడదని, వినపడినా బోధపడదని అంటారు. ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఇది మనకు ఎవరూ పడిన బాకీ కాదు. మన పడుచుతనంలో మనకు నచ్చిన పాటలు మన తండ్రులకు నచ్చలేదు. కాలం చెడిపోతుందని చెప్పడం మన ప్రాంతంలో ఒక సాహిత్య సంప్రదాయమే. చింతామణి దగ్గరి కైవారం తాతయ్య తెలుగులో కాలజ్ఞానం ఎప్పుడో చెప్పి ఉన్నారు. కుర్రవాళ్ళ అభిరుచి మన ఇష్టప్రకారం ఉండాలన్న కోరికను పద్దులోంచి కొట్టివేయడమే మర్యాద.

అయితే ఈ పద్దులోనే కొట్టివేయరానిది ఒకటుంది. 2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాదు సంధ్య థియేటరు దగ్గర, 'పుష్ప 2' ముందస్తు ప్రదర్శనకు వచ్చిన జనం తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది. 2025 జూన్ 4న మన చిన్నస్వామి స్టేడియం బయట, కప్పు గెలిచిన క్రికెట్ జట్టును చూడవచ్చిన 11 మంది నలిగి చనిపోయారు. అంతా పడుచువాళ్ళు, పిల్లలు. ఆ వారం పెద్దలు చాలామంది 'ఏం పిచ్చి ఇది' అని విసుక్కోవడం విన్నాను. మనకు పట్టని ఆటను పిల్లలు ప్రేమిస్తే అది నేరమా? అడగవలసిన ప్రశ్న వేరు. అంత జనం వస్తారని తెలిసి పిలిచినవారు, ఏర్పాట్లు చూడవలసినవారు గేట్ల సంగతి, దారుల సంగతి ఎంతవరకు చూశారు? మనకు నచ్చనిదాన్నీ, న్యాయం కానిదాన్నీ ఒకే గొంతుతో తిడితే, న్యాయం కానిది కూడా ముసలివాళ్ళ విసుగు కింద జమ అయిపోతుంది. నిజానికి ఆ 11 మంది తరఫున అడగడానికి తీరిక ఉన్నది పెద్దలకే.

రాజకీయాల విషయంలో మన బెంగుళూరు తెలుగువాళ్ళకు ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. 2011 జనాభా లెక్కల ప్రకారం కర్ణాటకలో తెలుగు మాతృభాషగా ఉన్నవారు 35 లక్షల పైమాటే. మనలో ఎక్కువమందికి ఓటు ఇక్కడ, కోపం అక్కడ. సాయంత్రం టీవీ ముందు కూర్చుని అమరావతి గురించి, హైదరాబాదు గురించి గొంతు చించుకుంటాం. అక్కడి మంత్రుల శాఖలు మనకు కంఠతా వచ్చు. మన ఖాతా లేని బ్యాంకుకు వెళ్ళి వడ్డీ తగ్గిందని పోట్లాడడం లాంటిది ఇది. ఈలోగా మన ఖాతా ఉన్న చోట ఏం జరిగింది? బృహత్ బెంగుళూరు మహానగర పాలికె 198 వార్డులకు 2015 ఆగస్టులో ఎన్నికలు జరిగాయి. ఆ పాలకమండలి గడువు 2020 సెప్టెంబరు 10న ముగిసింది. 2025 సెప్టెంబరులో ఆ పాలికెను తీసేసి ఐదు కార్పొరేషన్లు చేసేనాటికి కూడా మళ్ళీ ఎన్నికలు జరగలేదు. అయిదేళ్ళపాటు ఈ మహానగరంలో కాలిబాట విరిగినా, వీధిదీపం ఆరినా, మోరీ పొంగినా పిలిచి అడగడానికి కార్పొరేటరు అనేవాడు లేడు. విరిగిన కాలిబాట మీద పడి తుంటి ఎముక విరగ్గొట్టుకునేది ఎక్కువగా ఎవరో చెప్పనక్కరలేదు. ఇది ముమ్మాటికీ మన బాకీ. కాని ఆ అయిదేళ్ళలో మన సాయంకాలపు కబుర్లలో దీని మాట ఎన్నిసార్లు వచ్చింది?

ఇంకొక సంగతి. 2023 శాసనసభ ఎన్నికల్లో 80 ఏళ్ళు దాటినవారికి ఇంటినుంచే ఓటు వేసే ఏర్పాటు చేశారు. 2024 లోక్‌సభ ఎన్నికలకు ఆ వయసు 85 చేశారు. అధికారులు పెట్టె పట్టుకుని మంచం దగ్గరికి వచ్చారు. మంచి పనే. ఓటు కోసం మంచందాకా రాగలిగిన ప్రభుత్వానికి వైద్యం కోసం రావడం కూడా సాధ్యమేనని దీనివల్ల తెలుస్తోంది. ఇంటింటికీ వెళ్ళి రక్తపోటు, మధుమేహం లాంటివి పరీక్షించే 'గృహ ఆరోగ్య' పథకాన్ని 2024లో కోలారు జిల్లాలో మొదలుపెట్టారు కూడా. ఒకటి సాధ్యమైనప్పుడు రెండోది అడగడం అత్యాశ కాదు.

ఇక వైద్యం. 1995లో సుప్రీంకోర్టు డబ్బు తీసుకుని చేసే వైద్యాన్ని వినియోగదారుల రక్షణ చట్టం పరిధిలోకి తెచ్చింది. రోగికి దానివల్ల ఒక హక్కు వచ్చింది. దానితోపాటు రోగి వినియోగదారుడు కూడా అయిపోయాడు. వినియోగదారుడు బేరం ఆడగలడు, నచ్చకపోతే పక్క దుకాణానికి పోగలడు. అర్ధరాత్రి ఊపిరాడని డెబ్బై ఏళ్ళ మనిషికి ఆ రెండూ కుదరవు. తనకు ఏ పరీక్ష అవసరమో ఏది కాదో అతడికి తెలియదు. తెలియనివాడు తెలిసినవాడిని నమ్మి చేతులు కట్టుకుని కూర్చున్నప్పుడు, ఆ తెలిసినవాడి బాధ్యత వ్యాపారి బాధ్యతకంటె పెద్దది. మా వృత్తిలో ఇతరుల సొమ్ము చూసేవాడిని ధర్మకర్త అంటాం. వైద్యుడు చూసేది సొమ్ముకంటె విలువైనది.

దీనిపైన భాష కష్టం. తెలుగులో నొప్పికి ఎన్ని మాటలో చూడండి. తల పోటు, పన్ను సలుపు, కాళ్ళు గుంజడం, నరం లాగడం, కడుపులో దేవడం, చేతులు తిమ్మిరెక్కడం, కళ్ళు భగభగమనడం. ప్రతి మాటా ఒక రోగలక్షణమే. మన ఊళ్ళో పెద్దాసుపత్రులకు అనంతపురం, చిత్తూరు వైపునుంచి ఎందరో వస్తారు. వాళ్ళు ఇన్ని మాటలు చెబితే, మధ్యలో ఉన్నవారు దాన్ని తర్జుమా చేసేసరికి ఒక్క 'పెయిన్' మిగులుతుంది. కన్నడం వచ్చిన మనం పక్కన నిలబడి ఆ మాట సరిగా దాటించగలిగితే, అది సగం వైద్యం.

'ఇవన్నీ అడిగితే ఎవరు వింటారండీ' అనేవారున్నారు. కాని అడగడం ఎప్పుడూ వృథా పోలేదు. 65 ఏళ్ళు దాటినవారికి కొత్తగా ఆరోగ్య బీమా ఇవ్వకపోవడానికి ఆధారమైన వయోపరిమితిని 2024 ఏప్రిల్ నుంచి తీసేశారు. వృద్ధుల ప్రీమియాన్ని ముందస్తు అనుమతి లేకుండా ఏడాదికి పది శాతానికి మించి పెంచరాదని బీమా నియంత్రణ సంస్థ 2025 జనవరిలో ఆదేశించింది. ఆ ఏడు సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద 18 శాతం పన్ను ఎత్తివేశారు. మన రాష్ట్రంలో ప్రైవేటు వైద్యసంస్థల చట్టాన్ని 2017లో సవరించినప్పుడు, డాక్టర్ల సమ్మె కూడా జరిగింది. అయినా అత్యవసర స్థితిలో అడ్వాన్సు కోసం పట్టుబట్టరాదని, చనిపోయినవారి దేహాన్ని బిల్లు కోసం ఆపరాదని చట్టంలో చేరింది. రాతలో ఉన్నదాన్ని చూపించి అడిగేవాడు లేకపోతే ఆ రాతకు పస ఉండదు.

ఇక్కడే కాలదోషం సంగతి చెప్పాలి. 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం, ఇచ్చిన అప్పును మామూలుగా మూడేళ్ళలోపల కోర్టులో అడగాలి. గడువు దాటితే బాకీ చచ్చిపోదు గాని దాన్ని రాబట్టే దారి మూసుకుపోతుంది. గడువులోగా బాకీదారు సంతకం చేసి ఒప్పుకుంటే మాత్రం ఆ రోజునుంచి మళ్ళీ మూడేళ్ళ ఆయుష్షు. ఇందులో ఒక నీతి ఉంది. నోటితో ఎన్నిసార్లు తిట్టుకున్నా గడువు పెరగదు. కాగితం మీద అడిగి, కాగితం మీద జవాబు తీసుకుంటేనే పెరుగుతుంది. పది రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టవచ్చు. దానికి సాధారణంగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. పార్కు బెంచీ మీద ఏడాదిపాటు పడిన ఆవేదన ఒక కాగితం ఖరీదు చేయదు.

అడిగే ఓపిక అందరికీ ఉండదన్నది నిజమే. ఏటా నవంబరులో మా బ్రాంచి ముందు పింఛనుదారులు బారులు తీరుతారు. తాము బతికే ఉన్నామని రుజువు చేసుకోవాలి గదా. 2014లో వేలిముద్రతో 'జీవన్ ప్రమాణ్' వచ్చింది. కష్టం చేసిన వేళ్ళలో గీతలు అరిగిపోతాయి, యంత్రం ఒప్పుకోదు. ఒక పెద్దాయన నాలుగోసారి వేలు తుడుచుకుంటూ, 'నేను బతికుండానని నా వేలే ఒప్పుకోలేదు గదా నాయనా' అన్నాడు. వరసలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఆయన అడిగింది తనకోసమే కావచ్చు గాని, అది వేళ్ళు అరిగిన ప్రతివాడి తరఫున అడిగినట్టే. 2021లో ముఖం చూపించి ధ్రువపత్రం తీసుకునే వీలు వచ్చింది.

నాకు తోచినంతలో ఫిర్యాదుకు గీటురాయి ఇదే. నేను అడుగుతున్నది నాకు మాత్రమే రావలసిందా, నా వెనక నిలబడ్డవాడికి కూడా రావలసిందా? మొదటిదైతే కొంత వదులుకోవచ్చు. రెండోదైతే వదులుకునే హక్కు నాకు లేదు, అది నా ఒక్కడి సొత్తు కాదు గనుక.

కౌరవసభలో ద్రౌపది అడిగిన ప్రశ్న ఇలాంటిదే. తన్ను తాను ఓడిపోయినవాడికి నన్ను ఒడ్డే హక్కు ఎక్కడిది అని. లెక్కలు తెలిసిన ఎవరైనా గుర్తుపట్టే ప్రశ్న. సభలో పెద్దలకు కొదవ లేదు. భీష్ముడు ధర్మం సూక్ష్మమన్నాడు, తేల్చి చెప్పలేదు. విదురుడు మాట్లాడాడు, అతడి మాట చెల్లలేదు. అయినా వేల ఏళ్ళుగా ఆ కథ చెప్పుకునేవాళ్ళు భీష్ముణ్ణి ఆ ఒక్క విషయంలో క్షమించలేదు, విదురుణ్ణి మరిచిపోలేదు.

మన ఊళ్ళోనే హెచ్.ఎస్. దొరెస్వామిగారు ఉండేవారు. 1918లో పుట్టి, 1942 ఉద్యమంలో జైలుకు వెళ్ళి, ఎమర్జెన్సీలో మళ్ళీ వెళ్ళి, తొంభై దాటాక కూడా భూకబ్జాలకు వ్యతిరేకంగా ధర్నాల్లో కూర్చున్నారు. 2021 మే నెలలో పోయేనాటికి 103 ఏళ్ళు. ఆ కబ్జా భూముల్లో ఒక్క గజం ఆయన ఇంటికి వచ్చేది కాదు. కనుకనే ఆయన కోపాన్ని ఎవరూ ముసలితనం కింద కొట్టిపారేయలేకపోయారు.

అందరం దొరెస్వాములం కాలేం. సెఫలస్ మాదిరి లేచి వెళ్ళిపోకుండా మాత్రం ఉండగలం. వార్డుకు కార్పొరేటరు ఎందుకు లేడని రాతగా అడగవచ్చు. ఆసుపత్రిలో ఛార్జీల పట్టిక ఎక్కడుందని మర్యాదగా అడగవచ్చు. పక్క మంచం మీద ఉన్న కదిరి ముసలమ్మ 'సలుపు' అన్న మాటను డాక్టరుకు కన్నడంలో చెప్పవచ్చు. అలా రాబట్టిన బాకీ మన ఖాతాలో పడకపోవచ్చు. మన ఆయుష్షులో తీరకపోవచ్చు కూడా. అడిగినట్టు ఒక రాత ఉంటే, తర్వాత అడగబోయేవారికి గడువు మిగిలే ఉంటుంది.