మొగలిపువ్వు సాక్ష్యం



మొన్న ఆదివారం బాలవిహార్‌లో పిల్లలకు లింగోద్భవ కథ చెప్పాను. బ్రహ్మ, విష్ణువు ఎవరు గొప్ప అని వాదులాడుకుంటుంటే మధ్యలో అగ్నిస్తంభం వెలిసింది. దాని కొస చూడడానికి బ్రహ్మ హంసయై పైకి, విష్ణువు వరాహమై కిందికి వెళ్ళారు. దొరకలేదని విష్ణువు ఒప్పుకున్నాడు. బ్రహ్మ మాత్రం చూశానని చెప్పి మొగలిపువ్వుచేత దొంగసాక్ష్యం చెప్పించాడు. అందుకే శివపూజకు మొగలిపువ్వు పనికిరాదంటారు.

కథ కాగానే తొమ్మిదో గ్రేడు కుర్రవాడొకడు ల్యాప్‌టాప్ తెరిచి, "అంకుల్, నా దగ్గర కూడా కొస లేనిది ఒకటుంది" అన్నాడు. పేరు మాండెల్‌బ్రాట్ సమితి. ఐబీఎంలో పనిచేసిన బెన్వా మాండెల్‌బ్రాట్ 1980లో కంప్యూటర్‌తో గీయించి చూసి, లోకానికి పరిచయం చేసిన బొమ్మ.

సూత్రం చాలా చిన్నది. సున్నాతో మొదలుపెట్టి, వర్గం చేసి, ఒక సంఖ్య కలపాలి. వచ్చినదాన్ని మళ్ళీ వర్గం చేసి అదే సంఖ్య కలపాలి. కలిపేది 1 అయితే 1, 2, 5, 26, 677 అంటూ హద్దు దాటిపోతుంది. మైనస్ 1 అయితే మైనస్ 1, 0, మైనస్ 1, 0 అంటూ అక్కడక్కడే తిరుగుతుంది. తెరమీది ప్రతి చుక్కా, మనం ఇంటర్‌లో చదివి మరిచిపోయిన సంకీర్ణ సంఖ్యే. హద్దులో ఉండేవాటికి నలుపు, పారిపోయేవాటికి వాటి వేగాన్నిబట్టి రంగులు. ఏ రంగులు వేయాలి, ఏ మూలకు వెళ్ళాలి, ఎక్కడ ఆగాలి అన్నది గీసేవాడి కళ. మనవాడు పండగకని గరళం నీలం, విభూతి తెలుపు వేసుకొచ్చాడు!

అంచు దగ్గర జూమ్ చేస్తే సుళ్ళు, సుళ్ళలో సుళ్ళు. ఎంతో లోతుకు వెళ్ళాక మొదటి నల్లబొమ్మే చిన్నదై మళ్ళీ ప్రత్యక్షం. నాకు ఒళ్ళు పులకరించింది.

అప్పుడడిగాడు: "అంకుల్, ఇది మన వేదాల్లో ముందే ఉందా?"

"ఉంది బాబూ" అన్నమాట నాలుక చివరిదాకా వచ్చింది. ఇక్కడ పుట్టిన పిల్లలు మన ధర్మాన్ని చిన్నచూపు చూస్తారేమోనన్న బెంగ మనందరిదీ. ఆ బెంగలో ఇలాంటి మాటలు చాలాసార్లు అన్నాను కూడా. కానీ మొగలిపువ్వు కథ చెప్పి పది నిమిషాలు కాలేదు.

"లేదు నాన్నా. ఈ సూత్రం మన గ్రంథాలు చెప్పింది కాదు. కొస దొరకనప్పుడు దొరకలేదని చెప్పమన్నాయి" అన్నాను. వాడేమీ చిన్నబుచ్చుకోలేదు. ఇంకా లోతుకు వెళ్ళాడు. ఉన్నట్టుండి బొమ్మంతా చదరపు గళ్ళుగా పగిలిపోయింది.

"ఇదేమిటిరా?"

"కంప్యూటర్ మామూలుగా పదహారు అంకెలదాకానే లెక్క పట్టుకుంటుంది అంకుల్. ఇక్కడినుంచి కనిపించేది అబద్ధం. ఎక్కువ అంకెలు పెట్టి రాత్రంతా లెక్క కట్టించాలి."

శివరాత్రికి ఎలాగూ జాగారమేగా, ఆ రాత్రికి పెడతానన్నాడు. లింగోద్భవ కాలానికి ఎంతవరకు వస్తుందో చూడాలి.